లాల్చీ జల్లెడ

కరోనా తగ్గి చార్మినార్ దగ్గరి లాడ్ బజార్‌లో జనం మళ్లీ ఒరుసుకుంటూ నడవడం మొదలైన ఏడాది అది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నేను టాక్సికాలజిస్టుని. ఏ పదార్థం ప్రాణానికి ఎంత చేటో పరీక్షించి చెప్పే ఉద్యోగం. కాకినాడలో మా పెద్దమ్మ దీన్ని విషాల కొలువు అంటుంది. మా దగ్గరికి మనుషులు రారు, సీసాలు వస్తాయి. మనసు కష్టపెట్టుకునే పని ఉండదు కనుక నాకది హాయిగానే ఉండేది.

బాలమణి మాత్రం స్వయంగా వచ్చింది. ఫలక్‌నుమాలో ఆమె బస్తీలోనే ఉండే మా అటెండరు వెంటబెట్టుకొచ్చాడు. ఆమె, భర్త నర్సింగ్ ఇంట్లోనే లక్క గాజులు చేసేవారు. బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి గాజు చుట్టడం అతని వంతు. అందులో కలిపే తెల్ల పొడి జల్లించడం ఆమె వంతు. ఆ పొడి టైటానియం డయాక్సైడ్, గోడల రంగుల్లో కూడా ఉండేదే. నర్సింగ్ ఊపిరితిత్తులు పాడై ఆ చలికాలమే పోయాడు. దుమ్ము కావచ్చు, బీడీలూ కావచ్చు అన్నాడట డాక్టరు.

ఆమె పాత లాల్చీ ముక్కలో కట్టిన పొడిని బల్ల మీద పెట్టింది.

“కొత్త పొడి మస్తు మెరుస్తదని నేనే తెప్పించిన మేడం. నేను జల్లించెటప్పుడు ఆయనకు ఉక్కపోస్తదని ఫ్యాను ఆయన దిక్కే తిప్పేదాన్ని. నా చేతులతోనే పోయిండా? గదొక్కటి చెప్పుండ్రి.”

ఆ మూటకు శాంపిల్ నంబరు అంటించాను. చూసి చెబుతానన్నాను.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ రేణువులు వంద నానోమీటర్ల లోపే ఉన్నాయి. వెంట్రుక పక్కన పెడితే లెక్కలోకి రానంత. రేణువు సన్నబడేకొద్దీ అదే చెంచాడు పొడి ఒంటిని తాకే ఉపరితలం పెరుగుతుంది. స్ఫటిక రూపం కూడా చూడాలి. ఇందులో అనటేజ్ ఎక్కువ. రూటైల్ అనే ఇంకో రూపంతో పోలిస్తే సాధారణంగా కణాలకు ఇదే ఎక్కువ చేటు. తర్వాత ఎంటీటీ పరీక్ష. పళ్లెంలో పెంచిన ఊపిరితిత్తుల కణాలకు పొడి పెట్టి, ఆపైన పసుపు మందు వేస్తాం. బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. తక్కువ మోతాదులో ఊదారంగు బాగానే వచ్చింది. మోతాదు పెంచేకొద్దీ వెలిసిపోయింది.

అది పొడి సంగతి, నర్సింగ్ సంగతి కాదు. అతను దాన్ని ఎంత పీల్చాడో, బొగ్గుపొగ ఎంతో, బీడీ ఎంతో ఏ యంత్రమూ విడదీసి చూపదు. మీ వల్ల కాదని అనలేను, మీ వల్లేనని అసలే అనలేను అని చెప్పాను. ఇకమీదట పొడిని గాలిలోకి లేచేలా జల్లించవద్దన్నాను. కుంపటి ఆర్పేసి చాలా రోజులైందంది ఆమె.

లేవబోతూ ఆ బట్ట అడిగింది. మల్లు అనే పల్చటి నూలు బట్ట ఎంత ఉతికితే పొడి అంత సన్నగా దిగుతుందని వాళ్లు ఇంట్లో మగవాళ్ల పాత లాల్చీలే జల్లెడగా వాడతారు. ఇది నర్సింగ్‌ది. మిగతా బట్టలన్నీ కర్మ అయ్యాక ఇచ్చేశారట. మా లెక్కలో అది శాంపిల్ చుట్టిన బట్ట, కాల్చేయాలి. పైగా ఎంత దులిపినా వదలని సన్నటి పొడి దాని పోగుల్లోనే ఉంది. మా పై అధికారితో వాదులాడి, దాన్ని మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అంచులు వేడితో అతికించి ఇచ్చాను. ఎప్పుడూ విప్పవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

ఆమె సంచి తిప్పి, లాల్చీ మెడపట్టీ ఉన్నచోట ప్లాస్టిక్ మీద నుంచే వేలితో రాసింది.

“వాసన గూడ చూడొద్దా మేడం?”

“వద్దమ్మా,” అన్నాను.

ఆమె నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. ఒకదానికే నా దగ్గర కచ్చితమైన జవాబుంది. కచ్చితమైన జవాబు దొరికితే మనిషికి ఊరట కలుగుతుందని అంతవరకు నమ్మేదాన్ని.