చిరాగ్‌పల్లి దారిలో ఖలీల్ ప్యాంటు

మా ఆఫీసులో పనిచేసి రిటైరైన విజయ చిరాగ్‌పల్లి దగ్గర చిన్న ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి రమ్మని నెల ముందు నుంచీ చెబుతూనే ఉంది. మే నెల ఎండలకు జంకుతూనే, ఉదయం ఏడింటికి లింగంపల్లిలో జహీరాబాద్ బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు కొట్టిచ్చాడు. సంగారెడ్డిలో బస్సు ఆగినప్పుడు రెండు ఇడ్లీలు తిన్నాను. చట్నీలో ఉప్పు ఎక్కువైంది.

పది దాటాక జహీరాబాద్‌లో దిగేసరికి రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: చిరాగ్‌పల్లికి జీపులు దొరుకుతాయి గానీ, నిండితే తప్ప కదలవు. నేనెక్కిన జీపులో అందరం ఆడవాళ్లమే. డ్రైవరు ఖలీల్‌కు ముప్పై ఏళ్లుంటాయి. ఖాకీ చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. మందపాటి ఖాకీ ప్యాంటు చెమటతో కాళ్లకు అంటుకుపోయింది.

"ఇంత ఎండల గట్ల ఎట్ల ఉంటవు బిడ్డా?" అంది నా పక్కన కూర్చున్న సంగమ్మ. ఆమెకు అరవై దాటాయి, మనవరాలిని చూడటానికి పోతోంది.

"ఏం జేస్త అమ్మా, యూనిఫాం చెకింగ్ ఉంటది" అన్నాడు ఖలీల్.

ఊరు దాటి హైవే మీద కొంత దూరం వెళ్లామో లేదో బానెట్లోంచి ఆవిరి లేచింది. ఖలీల్ జీపును పక్కకు ఆపాడు. అందరం దిగి ఎండలో నిలబడ్డాం. అతను కాసేపు ఆగి, గుడ్డ చుట్టి రేడియేటరు మూత తిప్పాడు. మరుగుతున్న నీళ్లు ఒక్కసారిగా ఎగదన్ని అతని నడుము నుంచి మోకాళ్లదాకా పడ్డాయి.

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ప్యాంటులోంచి పొగలు వస్తున్నాయి.

"ప్యాంటు తీసెయ్! వెంటనే తీసెయ్!" అని అరిచాను.

తీయలేదు. రెండు చేతులతో నడుం పట్టీని గట్టిగా పట్టుకుని జీపు వెనక్కి పరుగెత్తాడు. "ఆడోళ్లున్నరు మేడం... వద్దు... వద్దు..." అంటూ నేల మీద కూలబడ్డాడు. కాలిపోతున్న మనిషి బట్టను వదలకుండా పట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు.

సంగమ్మే కదిలింది. "నీ అమ్మసొంటి దాన్ని బిడ్డా. తియ్యి. తోలు ఊడుతది" అని అతని చేతులు విడదీసింది. మిగతా ఆడవాళ్లు అటు తిరిగి నిలబడ్డారు. ప్యాంటు తీశాక నేనూ సంగమ్మా అందరి సీసాల్లోని నీళ్లన్నీ పోశాం. ఆమె తన సంచిలోని కొత్త తువాల తీసి అతని మీద కప్పింది.

నేను అంబులెన్సుకు ఫోన్ చేస్తుండగానే, బండ్లు తనిఖీ చేసే వాహనం ఒకటి వచ్చి ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. దిగిన అధికారి మా ముఖాలు చూడలేదు, ఖలీల్ ఏడుపు వినలేదు. తువాల కిందనున్న ఉత్త కాళ్లను చూశాడు.

"రోడ్డు మీద ఏందిరా ఇది? ఆడోళ్ల ముంగట సిగ్గులేదా? యూనిఫాం ఏది? అసభ్యం కింద కేసు రాస్త!"

డ్యూటీలో ఖాకీ వేసుకోవాలన్నది ఒక నియమం, జనం మధ్య అసభ్యంగా ప్రవర్తించడం వేరే నేరం అని నాకు తెలుసు. అప్పుడు మాత్రం ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

"గిటు రా సారూ, జర కండ్లు పెట్టి సూడు" అని సంగమ్మ తువాల అంచు తొలగించింది.

ఎడమ తొడ చర్మం తెల్లగా ముడతపడి లేచి వచ్చింది. ఆ అధికారి ముఖంలో రక్తం ఇంకిపోయింది. తనే ఖలీల్ భుజాల కింద చేతులు వేసి, తన వాహనంలోకి ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

ఇంకో జీపు పట్టుకుని చిరాగ్‌పల్లి చేరాను. విజయ ఇంట్లో ఆ పూట పులిహోర పెట్టారు. తినకుండానే విస్తరి మడిచి లేచాను.

మర్నాడు పొద్దున తిరుగు ప్రయాణంలో జహీరాబాద్‌లో దిగి దవాఖానకు వెళ్లాను. కట్లు మారుస్తున్న నర్సు మెల్లగా చెప్పింది, "ప్యాంటు అప్పుడే తీసి నీళ్లు పోసుంటే, ఆ తొడ గింత లోతుకు కాలకపోవు మేడం."

ఖలీల్ మెలకువగానే ఉన్నాడు. ఎందుకు తీయలేదని అడిగాను.

"పోయిన ఎండకాలం లుంగీ మీద బండి నడిపిన. చెకింగోళ్లు రోడ్డు మీద నిలవెట్టిన్రు. ఆడోళ్లు ఎక్కే బండిల గిట్లుంటే జైలే అన్నరు. నీళ్లు పడంగనే గదే యాదికొచ్చింది అక్కా."

నేను లేవబోతుంటే పిలిచాడు.

"అక్కా, నిన్న రోడ్డు మీద నన్ను గట్ల సూసినందుకు మీరు తప్పుగ ఏం అనుకోలే గద? గా అమ్మకు గూడ జర చెప్పుండ్రి, మాఫ్ చెయ్యమని."

హైదరాబాద్ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడుగునా నాకు చేలు కనిపించలేదు, ఊళ్లు కనిపించలేదు. ఒళ్లు కాలిన మనిషి మమ్మల్ని క్షమాపణ అడిగాడు. అంతటి భయాన్ని అతని ఒంటికి తొడిగిన వాళ్లలో మేమూ ఉన్నామా అని, లింగంపల్లి వచ్చేదాకా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.