పన్నెండో నంబరు కొక్కెం

రిమ్మా యెగోరొవ్నా పారాచూట్లు మడిచేది. ఇరవయ్యేళ్ళ వయసులో కుట్టు ఫ్యాక్టరీ వదిలి మా బాంబర్ల రెజిమెంటులో చేరింది. నేను అదే రెజిమెంటు పనిముట్ల షెడ్డులో ఉండేవాణ్ణి. మడిచేటప్పుడు తాళ్ళు సర్దడానికి ఆమె వాడిన కొక్కేలన్నీ నేను పాత స్ప్రింగు ఉక్కుతో చేసినవే.

మా డివిజన్ యుద్ధకాలంలో పుట్టింది. మూడు రెజిమెంట్లు, ఒక్కోదాంట్లో మూడు స్క్వాడ్రన్లు, పైన ఒక ప్రధాన కార్యాలయం. ఈ లెక్కంతా క్లబ్బు గోడమీద పటంగా వేలాడేది. రిమ్మా ఒకసారి ఆ పటం ముందు నిలబడి, "ఇందులో నేనెక్కడ?" అని అడిగింది. "మీరా రిమ్మా యెగోరొవ్నా? అన్ని గీతల కిందా ఉన్నారు. మావాళ్ళు కూర్చునేది మీరు మడిచిన పారాచూట్ల మీదే కదా" అన్నాడు ఒక పైలట్. ఆమె నవ్వలేదు. నిజమే కదా అన్నట్టు తలాడించింది.

మా సైన్యం జర్మనీ నుంచి రష్యాకి వెనక్కి వచ్చినప్పుడు ఆమె, రేడియో మెకానిక్ అయిన భర్త, పారాచూట్లు మడిచే పన్నెండు మీటర్ల బల్ల ఒకే గూడ్సు పెట్టెలో ప్రయాణం చేశారు. భర్త దారిలో జబ్బుపడి, కొత్త ఊళ్ళో రెండేళ్ళకి పోయాడు. బల్ల మాత్రం బైకాల్ అవతలి ఈ గడ్డి మైదానం దాకా వచ్చింది.

మడత గదిలో ఒక నియమం ఉంది. గోడమీద పలక, పలకమీద ప్రతి పనిముట్టు ఆకారం ఎర్ర రంగుతో గీసి ఉంటుంది. పని అయ్యాక ప్రతి పనిముట్టునీ దాని చోట తగిలించి, దానిమీది నంబరు చదివి, పుస్తకంలో సంతకం పెట్టాలి. పలకమీద ఎరుపు కనబడిందంటే ఆ పనిముట్టు ఏదో ఒక పారాచూట్ లోపల ఉండిపోయి ఉండవచ్చు. దొరికేదాకా ఆ రోజు మడిచినవేవీ గది దాటకూడదు.

డివిజన్లు రద్దుచేసి వాటిని స్థావరాలుగా మార్చిన ఏడాది మా రెజిమెంటునీ పక్క రెజిమెంటునీ కలిపేశారు. వాళ్ళ పనిముట్లు ఒక పెట్టెలో వచ్చాయి. మడిచేవాళ్ళు ముగ్గురయ్యారు. ఇద్దరే చాలన్నారు. సెప్టెంబరులో ఒక సాయంత్రం రిమ్మా నాలుగు పారాచూట్లు మడిచి ముగించేసరికి, ఎవర్ని తీసేయాలన్న జాబితా గురించి మాట్లాడాలి రమ్మని కబురొచ్చింది. పనిముట్ల లెక్క రేపు పొద్దున్నే చూసుకుందామని గది తాళం వేసి పరుగెత్తింది. ఇన్నేళ్ళలో ఆమె అలా చేయడం అదే మొదటిసారి.

మర్నాడు తనిఖీ బృందం రావాల్సి ఉంది. సామాను చూసే గోర్దేయ్ దగ్గర ఆ గదికి రెండో తాళంచెవి ఉండేది. పొద్దున్నే గదులన్నీ సర్దుతూ వచ్చిన అతనికి పలకమీద ఒక ఎర్ర గీత కనబడింది. పక్క రెజిమెంటు పెట్టెలోంచి ఒక కొక్కెం తీసి ఆ ఖాళీలో తగిలించేశాడు. తర్వాత రిమ్మా వచ్చింది. పలక నిండుగా ఉంది. సంతకం పెట్టింది. నాలుగు పారాచూట్లూ రెండు విమానాల్లోకి వెళ్ళాయి.

పది గంటలకి కొక్కెం పదును చూద్దామని నేను వెళ్ళాను. పలకమీంచి తీసి నా చేతికిచ్చింది.

"ఇది నేను చేసింది కాదు రిమ్మా. ముప్ఫై ఒకటి అని ఉంది. మీది పన్నెండు."

ఆమె తీసుకుని చదివింది. బయట రెండో విమానం అప్పుడే నేల విడిచిన మోత కిటికీ అద్దాన్ని ఇంకా అదరగొడుతూనే ఉంది.

గుమ్మంలో గోర్దేయ్ నిలబడి ఉన్నాడు. విన్నాడు.

"అమ్మా, తల్లీ, అరవకు. నేనే తగిలించాను. నీదెక్కడో బల్ల కింద పడుంటుంది. మధ్యాహ్నం వాళ్ళు దిగాక నిదానంగా వెతుకుదాం."

బల్ల కింద ముగ్గురం పాకాం. బూజు తప్ప ఏమీ లేదు.

"వాళ్ళివాళ కొండల మధ్య తక్కువ ఎత్తులో తిరుగుతారు. ఏదైనా అయి సీటుతో బయటికి దూకితే, ఆ కొక్కెం తాళ్ళ మధ్య..." ఆమె మాట పూర్తి చేయలేకపోయింది.

"అక్కడ తనిఖీవాళ్ళున్నారు! ముగ్గురిలో ఒకళ్ళని తీసేస్తారు, తెలుసు కదా? నీ పేరు నువ్వే రాసిస్తావా?"

ఆమె గోర్దేయ్‌ని తోసుకుని బయటికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. ఎగిరేవాళ్ళతో మాట్లాడే గోపురం మెట్లు ఎక్కాం. పైన మా ఇంజనీరు కర్నల్ బుర్మిస్త్రోవ్, తనిఖీకి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళు టీ తాగుతున్నారు.

"కామ్రేడ్ కర్నల్, రెండు విమానాల్నీ వెనక్కి పిలవండి. నేను మడిచినదాంట్లో కొక్కెం ఉంది."

"ఖాయమా?"

"ఖాయం కాదు. బల్ల కింద మాత్రం లేదు."

కర్నల్ గ్లాసు కింద పెట్టాడు. తనిఖీవాళ్ళ వైపు చూడలేదు. "పిలవండి" అన్నాడు.

మొదటి విమానం వెంటనే బదులిచ్చింది. రెండోది పలకలేదు. కొండ చాటున ఉందన్నారు. మళ్ళీ పిలిచారు. గరగర తప్ప ఏమీ రాలేదు. రిమ్మా కిటికీ అంచు పట్టుకుని నిలబడింది. ఆ కొక్కేన్ని వంచింది నేను, దాని ముక్కు ఎంత పదునో నాకు తెలుసు. ఏడు నిమిషాలకి గరగరలోంచి ఒక మాట వినబడింది: "విన్నాం, వస్తున్నాం."

రెండూ దిగాయి. నాలుగు పారాచూట్లూ మడత బల్లమీదికి తెచ్చారు. విప్పింది ఆమే. మొదటిదాంట్లో లేదు. రెండోదాంట్లో లేదు. మూడోదాని తాళ్ళు ఒక్కో వరుసా తప్పిస్తుంటే, నాలుగో వరుస కింద ఉక్కు మెరిసింది. పన్నెండు.

అది ఇప్పుడే దిగిన పైలట్, కెప్టెన్ వెనియమిన్ స్కోరిక్ సీట్లో ఉన్నది. అతను గోడకానుకుని నిలబడ్డాడు. "అదనంగా ఒక సామాను ఇచ్చి సంతకం కూడా అడగలేదేం?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేకపోయాడు.

"పలకమీద వేరే కొక్కెం ఎవరు పెట్టారు?" అని తనిఖీకి వచ్చినవాళ్ళలో ఒకాయన అడిగాడు.

గోర్దేయ్ తల దించుకుని, "నేనే" అన్నాడు.

"సంతకం నాది. నంబరు చదవలేదు. నిన్న లెక్క కూడా చూడలేదు" అంది రిమ్మా.

ఆయన వాచీ చూసుకున్నాడు. "మధ్యాహ్నం ఈ రెండు విమానాలు ఎగరడం మేము చూడాలి. గంటన్నర ఉంది. మళ్ళీ మడవండి."

మడిచే మిగతా ఇద్దరిలో ఒకామె సెలవులో ఉంది, ఇంకొకామెకి జ్వరం. ఉన్నది రిమ్మా ఒక్కతే. కర్నల్ మెల్లగా, "మడవండి రిమ్మా యెగోరొవ్నా. నేను పక్కనే నిలబడతాను" అన్నాడు. అది ఆమెకి ఉద్యోగం నిలబెట్టుకునేందుకు చేజిక్కిన అవకాశమని గదిలో అందరికీ తెలుసు.

ఆమె తాళ్ళ కట్ట చేతిలోకి తీసుకుంది. ఒక్క వరుస సర్దింది. ఆపేసింది. రెండు చేతులూ బల్లమీద పరిచి కర్నల్‌కి చూపించింది. వేళ్ళు వణుకుతున్నాయి.

"ఈ చేతులతో మడవను. రేపు పొద్దున మడుస్తాను, నన్ను ఉంచితే."

స్కోరిక్ తల మీది టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "అయితే మేమూ రేపే ఎగురుతాం" అన్నాడు.

వారం తర్వాత జాబితా వచ్చింది. ఆమె పేరు తీసేసినవాళ్ళలో ఉంది. కర్నల్ దాన్ని వెనక్కి పంపాడు, రెండుసార్లు. మూడోసారి వచ్చినదాంట్లో ముగ్గురి పేర్లూ ఉన్నాయి. రిమ్మా ఇంకో తొమ్మిదేళ్ళు మడిచింది. ప్రతి సాయంత్రం పలక ముందు నిలబడి నంబర్లు పైకి చదివేది. దారినపోయే నాకు వినబడేంత గట్టిగా చదివేది. ఆ గొంతులో భయం ఎప్పుడూ పోలేదు.