మూడు పేర్ల పిలుపు

మా అమ్మ ముప్పై ఏళ్లు కంటి ఆసుపత్రిలో పేర్లు పిలిచింది. డాక్టరు గది తలుపు పక్కన స్టూలు, చేతిలో చీటీల కట్ట, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. చుక్కల మందు వేయించుకుని కళ్లు మూసుకున్న వందమందిలోంచి ఒక్కరే లేవాలి. ఇద్దరు లేస్తే తప్పు తనదేనని బాధపడేది. ఆసుపత్రిలో అందరికీ ఆమె ‘పిలుపక్క’. నాన్నకు ‘ఇదిగో’. అసలు పేరు పెన్షను కాగితాల్లో తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

నాకు ఒకే కాన్పులో ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. ఒకే తోక ఉన్న మూడు పేర్లు ఏరిపెట్టుకున్నాను. మా ఆయన మురిసిపోయాడు. అమ్మ మాత్రం ముఖం మాడ్చుకుంది.

“వద్దే. ఒకదాన్ని పిలిస్తే మిగతా రెండూ నోట్లోకి వచ్చేస్తాయి.”

“వస్తే రానీ. ముగ్గురూ ఇక్కడే ఉన్నారుగా!”

అనేశాక నాలుక కరుచుకున్నాను. అమ్మ కూడా అలా పుట్టిన ముగ్గురిలో ఒకతె. తొమ్మిదో ఏట ఒకే వారంలో, జ్వరంతో మిగతా ఇద్దరూ పోయారు. అమ్మమ్మ మాత్రం తను పోయేదాకా మూడు పేర్లూ ఒకే ఊపిరిలో పిలిచేది. అన్నానికైనా, మందుబిళ్లకైనా అంతే. అమ్మ లేచి వెళ్లేది. వెళ్తూ, వెనక ఎవరో వస్తున్నట్టు తలుపు రెక్క కాసేపు పట్టుకుని నిలబడేది. చిన్నప్పుడు అది చూస్తే నాకు భయం వేసేది.

నేనలా అన్న తర్వాత పదిరోజులు అమ్మ వంటగది గడపలో నిలబడి, ఒక్కో పేరునీ ఆసుపత్రి గొంతుతో పిలిచి చూసింది. పిలిచి, ఆగేది. వెంట ఇంకో పేరు తోస్తే, పిలిచిన పేరుని వదిలేసేది. చివరికి మూడు మిగిలాయి. ఒకటి ఎడమచేత్తో ఆపరేషన్లు చేసే డాక్టరమ్మది, ఒకటి ఒక నదిది, ఒకటి చిన్నప్పుడు తన మీదికొచ్చిన కుక్కని కత్తెరతో అదిలించిన ఎదురింటి కుట్టుపనావిడది.

“ఇవి మూడిళ్ల పిల్లల పేర్లలా ఉన్నాయమ్మా,” అని వెక్కిరించాను.

“అదే కావాలి నాకు.”

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పేర్లు నమోదు చేసే ఆఫీసులో, అమ్మకి కనబడకుండా ఫారం నిండా నేను ఏరిన పేర్లే రాసిచ్చేశాను. సాక్షి సంతకానికి అమ్మని వెంట తెచ్చాను. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి గుమస్తా లోపలినుంచి అమ్మ పేరు పిలిచాడు. అమ్మ కదల్లేదు. మళ్లీ పిలిచాడు. వినపడక కాదు, మెడ నిక్కించి అటువైపే చూస్తోంది.

“అమ్మా, నిన్నే.”

“ఉండవే, ఇంకా పూర్తిగా పిలవలేదుగా.”

లోకాన్నంతా ఒక్కొక్కరిగా పిలిచిన మనిషి, తనని ఒక్కదాన్నే పిలిస్తే లేవలేకపోతోంది. ఏం చేయాలో తోచక, చెవి దగ్గర వంగి, అమ్మమ్మ పిలిచే మిగతా రెండు పేర్లూ నేనే పలికాను. అవి నా నోటివెంట రావడం అదే మొదలు.

అమ్మ వెంటనే లేచింది. గుమస్తా గది తలుపు తోసి, రెక్క పట్టుకుని నిలబడింది.

నేను గబగబా లోపలికెళ్లి నా ఫారం వెనక్కి ఇమ్మన్నాను.

“కొట్టివేతలుంటే చెల్లదమ్మా,” అన్నాడు గుమస్తా విసుగ్గా.

“కొత్తది ఇవ్వండి.”

ముందు డాక్టరమ్మ పేరు రాశాను, తర్వాత నది, తర్వాత కుట్టుపనావిడ. తలెత్తి చూస్తే అమ్మ ఇంకా తలుపు పట్టుకునే ఉంది.