కొత్త ధోతిని పాతచేసే విద్య

మొన్న మనవడి పెళ్లికి తెచ్చిన ధోతి మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. అందరికీ అది పెళ్లి వాసన. నాకు మాత్రం చేతులు ఊరుకోలేదు. దీన్ని ఎక్కడ నలపాలి, ఎక్కడ అరగదీయాలి అని వేళ్లు వెతకడం మొదలుపెట్టాయి. కోడలు నా చూపు కనిపెట్టి, "మామా, దాని జోలికి పోకుండ్రి, పిలగాడు పీటల మీద కట్టుకునేది" అంటూ గబుక్కున లాక్కుంది. ఆమె తప్పేం లేదు. కొత్త బట్టల్ని పాత బట్టలుగా మార్చి బతికిన వాణ్ని నేను. మద్రాసు స్టూడియోల్లో ఎందరు బీద రైతులకు, బిచ్చగాళ్లకు, వనవాసం పోయిన రాజులకు నేను బట్టలు మాపానో లెక్కలేదు. ఆ విద్య నాకు నేర్పింది రంగుబాయి. ఆమె పేరు ఏ తెర మీదా పడలేదు కనుక, మీకు తెలిసే అవకాశం లేదు. అందుకే రాస్తున్నాను.

రెండో ప్రపంచయుద్ధం ముగిసినా నూలు దొరకని రోజులవి. వరంగల్లు మట్టెవాడలో మా ఇంటి మగ్గం గుంటలో పిల్లి కాపురం పెట్టింది. నాయన అప్పటికే లేడు. అమ్మ పొద్దున్నే అలవాటు కొద్దీ రాట్నం ముందు కూర్చుని, చుట్టడానికి ఏమీ లేక లేచి వెళ్లిపోయేది. ఒంట్లో వయసుంది, చేతిలో పని లేదు. నా మీద నాకే కోపంగా ఉండేది. అలాంటప్పుడు మా వీధి చివరి ఇంట్లో రంగుబాయి అద్దెకు దిగింది. ఒక డ్రామా కంపెనీలో వేషాల పెట్టె తాళాలు ఆమె కొంగుకే ఉండేవట. తర్వాత మద్రాసులో సినిమాలకు బట్టలు సిద్ధం చేసింది. చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించలేక తిరిగొచ్చింది. గట్టి గొంతు, అంతకంటే గట్టి నవ్వు. నోట్లో పాన్ లేకుండా నేనామెను చూడలేదు.

వచ్చిన వారంలోనే వీధంతా తెలిసేలా చెప్పింది. వానలు తగ్గాక మద్రాసు కంపెనీ ఒకటి ఖిల్లాలో షూటింగుకు వస్తుంది. బట్టల పనికి మనుషులు కావాలి. బాగా చేసినవాణ్ని తమతో తీసుకుపోతారు. ఏమీ రానివాళ్లయినా సరే, తాను నేర్పుతుంది. మేం ముగ్గురం చేరాం. మిగతా ఇద్దరూ దర్జీల ఇళ్లవాళ్లు, కత్తెర పట్టడం తెలిసినవాళ్లు. నేయడం తప్ప ఇంకేమీ రానివాణ్ని నేనొక్కణ్నే.

మొదటి రోజే ఆమె ఒక కొత్త ధోతి నా ఒళ్లో పడేసింది.

"సాయిలూ, గిది మోట కొట్టే రైతు ధోతి. పాతగ జేసి తే."

నా చెయ్యి ఆడలేదు. నూలు కోసం ఊరు ఊరంతా ఏడుస్తుంటే కొత్త బట్టను పాడుచేయడమా? "నేసినోని ఉసురు తాకుతదక్కా" అన్నాను.

"జర నా మాట ఇను. ఆ ఉసురేదో నాకు తాకనియ్యి, నువ్వు ఫికర్ జెయ్యకు."

ఇంటికి తెచ్చి, ఎర్రమట్టి నీళ్లలో ముంచి, పిండి, నీడన ఆరేసి తీసుకెళ్లాను. ఆమె దాన్ని ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఆ తర్వాత నవ్విన నవ్వుకు గోడ మీద పావురాలు లేచిపోయాయి. "అద్దకం మంచిగ కుదిరిందిరా! బజార్ల పెడితే గిరాకొస్తది. ఒక్క మూల ఎక్కువ లేదు, ఒక్క మూల తక్కువ లేదు. మనిషి గిట్ల మాస్తడా?" అంది. దర్జీల పిల్లలు కూడా పడీపడీ నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. చిన్నప్పటి నుంచి ఏది చేసినా సమంగా చేయమనే కదా నేర్పారు! మట్టి పూసినా నా చెయ్యి సమంగానే పూసింది.

మర్నాడు ఆమె నన్ను వర్ధన్నపేట దారిలో ఉన్న ఒక బావి దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ తెలిసిన రైతును బతిమాలి, నాకు కొత్త ధోతి కట్టించి, ఎద్దులతో బావి నీళ్లు తోడే మోట తోలమంది. ఎద్దులు బావి దగ్గర నుంచి కిందికి నడిచినప్పుడల్లా, బరువు కోసం తాడు మీద ఎక్కి కూర్చోవాలి. మధ్యాహ్నానికి నా అరచేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది. ఆమె గట్టు మీద కూర్చుని పాన్ నములుతూ, "ఇప్పుడు ఇప్పి చూడు" అంది. కూర్చునే చోట బట్ట పలచబడింది. చేతులు తుడుచుకున్న చోట తొడ మీద రెండు మరకలు. నడుం దగ్గర చెమట ఉప్పు తెల్లగా కట్టింది. మడతల లోపల మాత్రం కొత్తదనం అలాగే ఉంది.

"చూసినవా? బట్టను ఖరాబు జేసుడు గాదురా మన పని. ఆ మనిషి ఏం పని జేస్తడో బట్ట మీద చెప్పుడు."

ఆ రోజు నుంచి ఉసురు భయం పోయింది. బజారులో ఎవరు ఎదురైనా వాళ్ల భుజాలు, మోకాళ్లు చూసేవాణ్ని. తిట్లు కూడా తిన్నాను. చాయ్ నీళ్లతో, బూడిదతో, ఇటుక ముక్కతో పొద్దంతా సాధన చేశాను. ఒకనాడు అమ్మ చూడనే చూసింది. కొత్త అంగీ మోచేతి మీద ఇటుక రుద్దుతున్నాను.

"ఏం పోయేకాలంరా నీకు? నేసేటోని కడుపున పుట్టి బట్ట మీద ఇటుక పెడ్తవా?" అని ఏడ్చింది. ఆ తర్వాత నాతో మాట్లాడడం మానేసింది. అన్నం గిన్నె ముందు పెట్టి అవతలికి పోయేది. అది నాకు తిట్లకంటే ఎక్కువ బాధగా ఉండేది.

చెప్పినట్టే కంపెనీ వచ్చింది. ఖిల్లా లోపలి పొలాల్లో కెమెరా పెట్టారు. బట్టల మేనేజరు మంచివాడే కానీ మొహమాటం లేని మనిషి. మద్రాసుకు ఒక్కణ్నే తీసుకుపోతానని మొదటే చెప్పేశాడు. నాలుగైదు రోజులు పని సాఫీగా సాగింది. మా ముగ్గురిలో ఎవరూ ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇంతలో ఒకనాటి ఉదయం సగం సీను తీశాక, హీరో ధోతి ఎద్దు కొమ్ముకు తగిలి బారెడు చినిగింది. మారు ధోతి ఉంది, కానీ అది తళతళలాడే కొత్తది. మిగతా సగం ఆ పూటే తీయాలి. తెర మీద అంతా ఒకే ధోతిలా కనబడాలి.

"ఎవరు చేస్తారు?" అన్నాడు మేనేజరు. దర్జీల పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రంగుబాయి నా వీపు మీద ఒక్కటి చరిచి ముందుకు తోసింది.

ఇటుక పట్టాను, చాయ్ నీళ్లు కాచాను. పాత ధోతికి మోకాలి దగ్గర ఒక అతుకు ఉంది. అచ్చం అలాంటిదే వేయాలి, నా కుట్టేమో వంకరటింకర, దర్జీల పిల్లలదేమో మరీ మిషను కుట్టులా చక్కన. అప్పుడే అమ్మ జొన్నరొట్టె మూట పట్టుకుని వచ్చింది. ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డ మనుషుల్ని చూసింది, నా మొహం చూసింది. మూట కింద పెట్టింది.

"ఇటియ్యి. మీ నాయిన ధోతులన్నిటికి అతుకులు ఏసింది నేనే గద" అంది.

ఆమె కుట్టింది. కుట్టాక తనే ఇటుక ముక్క తీసుకుని అతుకు అంచులు రుద్దింది. నా కళ్లు నిండిపోయాయి. రంగుబాయి చినుగు కనబడకుండా మడిచి రెండు ధోతులూ పక్కపక్కన పరిచింది. మేనేజరు వాటిని చాలాసేపు చూశాడు. కెమెరామనిషిని పిలిచి చూపించాడు. ఇద్దరూ కలిసి తప్పు ధోతిని చూపించి ఇదే కొత్తదన్నారు. రంగుబాయి ఖిల్లా రాళ్లు అదిరేలా నవ్వింది. ఆ సాయంత్రమే మేనేజరు నన్ను పిలిచి, మద్రాసుకు బట్టలు సర్దుకొమ్మన్నాడు. అమ్మకు కూడా ఆ రోజు కూలి ఇప్పించాడు. సినిమా కంపెనీలో కూలి తీసుకున్న ఆడమనిషి మా నేత ఇళ్లలో ఆమే మొదలు. ఆ ముచ్చట వీధంతా చెప్పుకుంది.

నెలలు గడిచాక ఆ సినిమా వరంగల్లు వచ్చింది. నేను మద్రాసు నుంచి రైలెక్కి వచ్చాను. అమ్మా రంగుబాయీ ఆడవాళ్ల బెంచీల్లో కూర్చున్నారు, నేను మగవాళ్ల వైపు. ఆట వదిలాక బయట జనంలో వాళ్లిద్దర్నీ వెతికి పట్టుకున్నాను. రంగుబాయికి తెర సరిగా కనబడి ఉండదు. అమ్మే నా చెయ్యి పట్టుకుంది.

"సాయిలూ, నా పక్కపొంటి ఒక ముసలామె కూసున్నది. కొంగు తడిసేదాంక ఏడ్సింది బిడ్డా. 'అంత పని జేస్తాండు, ఆ పిలగానికి ఒక్క కొత్త ధోతి ఎవలన్న ఇయ్యరాదా' అన్నది."

రంగుబాయి నడిబజారులో నిలబడి పాన్ ఉమ్మేసి, నా రెండు చెంపలూ పట్టుకుంది. "ఇన్నవా? ఇగ నీకు నేర్పేదేం లేదు, పో!" అంది.

ఆ తర్వాత నేను పనిచేసిన సినిమాలు ఎన్నో ఆడాయి. ఏ హాల్లో కూర్చున్నా తెర వైపు చూసింది తక్కువే. చీకట్లో జనం మొహాలు చూస్తూ కూర్చునేవాణ్ని. వాళ్లలో ఎవరో ఒకరు, నేను షూటింగు నాటి పొద్దున్నే మడత విప్పిన కొత్త బట్ట చూసి జాలిపడితే, నా పని గెలిచినట్టు.