అడ్డంగా వేసిన అతుకు

ఏడాదికి రెండుసార్లు నెడ్రా ష్రాక్ తన ఇంటి కిందకి దూరుతుంది. అక్టోబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. ఇల్లంటే చక్రాల మీది ఇల్లు, ముప్పై అడుగుల ట్రెయిలర్. అట్టపెట్టె ఒకటి విప్పి నేల మీద పరుస్తుంది. వెల్లకిలా పడుకుని, మడమలు తన్నుకుంటూ లోపలికి జరుగుతుంది. ఒక చేతిలో టార్చి లైటు, ఇంకో చేతిలో చిన్న సుత్తి, చొక్కా జేబులో సుద్దముక్క. డెబ్బై రెండేళ్ల మనిషికి ఇదేం పని అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. పాతవాళ్లు అడగరు. వాళ్ల బళ్ల కింద కూడా పగుళ్లు వెతికి ఆమె పెట్టిన సుద్ద గీతలు ఉన్నాయి.

నెడ్రా, ఆమె భర్త లవాన్ ఇద్దరూ ఇండియానాలో ట్రెయిలర్లు కట్టే ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసినవాళ్లే. ఆమె పంతొమ్మిదేళ్ల వయసులో చేరేనాటికి అతను ఆ వరసకి మేస్త్రి. మొదటి వారంలోనే ఆమె వేసిన అతుకుని మూడుసార్లు గ్రైండర్‌తో చెరిపించి మళ్లీ వేయించాడు. ఆమె నోటికొచ్చినట్టు తిట్టింది. నాలుగోసారి గ్రైండర్ అతనే పట్టుకున్నాడు. పెళ్లి అక్కడే కుదిరిందని ఇద్దరూ చెబుతారు. ముప్పై ఒక్కేళ్లు ఆ షెడ్డులోనే గడిచాయి. పని మానేశాక ఇల్లు అమ్మేసి, తమ చేతుల మీదుగా వెళ్లిన రకం ట్రెయిలరే ఒకటి కొనుక్కుని రోడ్డెక్కారు. చలికాలం అరిజోనా ఎడారి, ఎండాకాలం మోంటానాలో ఒక సరస్సు. అక్కడికి గుడారాలేసుకోవడానికి వచ్చేవాళ్లకి జాగాలు చూపించడం, పొయ్యిలు ఆరిపోయాయో లేదో చూసుకోవడం వాళ్ల పని. ఇరవై రెండేళ్లుగా ఇంతే.

కింద పనిలో వాటాలున్నాయి. పగులుందేమో చూడటం ఆమె వంతు, ఉంటే వెల్డింగుతో కుట్టడం అతని వంతు. ఎడారిలో అందరూ అతన్ని ఇప్పటికీ మేస్త్రీ అనే పిలుస్తారు.

రెండేళ్లుగా మేస్త్రికి మతి తప్పుతోంది. క్రిస్మస్ ముందు నీళ్ల ట్యాంకు నింపుకుని రావడానికి వెళ్లి, రెండు మైళ్ల దారిలో మూడు గంటలు తిరిగాడు. యూమా పట్నంలో డాక్టరు జబ్బు పేరు చెప్పింది. బండి నడపడం గురించి అడిగితే, ఇంట్లో మీరే కనిపెట్టుకుని ఉండండి అంది. నెడ్రా కనిపెట్టుకునే ఉంది. పేర్లు పోతున్నాయి, రోజులు పోతున్నాయి. చేతులు మాత్రం పోలేదని ఆమె నమ్మకం. ముప్పై అడుగుల బండిని వెనక్కి నడిపి, బెత్తెడు సందులో నిలబెట్టగలడు. ఆమెకి ఎడమ కన్ను సరిగా కనబడదు, లైసెన్సు ఎప్పుడో పోయింది. అతను నడపకపోతే మోంటానా లేదు. ఈ ఒక్క ఎండాకాలం గడిస్తే చాలనుకుంది. ఎప్పుడు వస్తున్నారో శుక్రవారంలోగా చెప్పమని సరస్సు దగ్గరి ఆఫీసరు రాశాడు.

ఏప్రిల్ మొదటి వారం, మంగళవారం ఉదయం. ఆమె కింద ఉంది. అతను బయట మడత కుర్చీలో కూర్చుని నారింజ ఒలుచుకుంటున్నాడు.

"ఏమే, బతికే ఉన్నావా?"

"కాఫీ ఇచ్చి ఉంటే ఇంకాస్త బాగా బతికేదాన్ని."

"ఇచ్చాను కదా!"

ఇవ్వలేదు. "ఇచ్చావులే," అంది.

ముందు ఇరుసు బాగుంది. కమాను పట్టీలు బాగున్నాయి. మురుగు ట్యాంకు పట్టీ బోల్టు ఒకటి వదులైంది, బిగించింది. వెనక ఇరుసు దాటాక, ఇంటి బరువు మోసే ఎడమ ఇనప దూలం మీద సుత్తితో తట్టితే శబ్దం వేరేగా వచ్చింది. లైటు అటు తిప్పింది. రెండు కొత్త ఇనప పలకలు. వెండి రంగు పెయింటు ఇంకా మెరుస్తోంది.

ఫిబ్రవరిలో తను బట్టలు ఉతకడానికి ఊళ్లోకి వెళ్లిన రోజు, కింద చిన్న పని చేశానని లవాన్ అన్నాడు. కళ్లు మండుతున్నాయని అతనంటే, వెల్డింగ్ అద్దాలు పెట్టుకోలేదా అని అప్పుడు తిట్టింది కూడా.

అతుకు అందంగా ఉంది. అల్లిన జడలా ఒక్క మెలిక తప్పలేదు. కాని దూలానికి అడ్డంగా ఉంది.

ట్రెయిలర్ దూలాలు పలుచని ఇనుము. పొడవునా కుట్టాలి, లేదా పలక చివర్లు ఈటె మొనలా కోసి కుట్టాలి. అడ్డంగా కుడితే, దారిలో ప్రతి గతుకూ ఆ గీత మీదే పడుతుంది. అక్కడే తెగుతుంది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజు మొదటి గంటలో లవాన్ చెప్పిన మాట ఇదే. ముప్పై ఒక్కేళ్లు చెప్పాడు. ఇప్పుడు రెండు పలకల నాలుగు చివర్లూ అడ్డంగానే కుట్టాడు.

ఆమె ఒక అంచు వెంట గోరు జరిపింది. వెంట్రుక మందాన తుప్పు రంగు గీత. పగులు అప్పుడే మొదలైంది.

రెండో పలక దగ్గరికి జరిగింది. దాని కిందనుంచి సుద్ద గుర్తు సగం బయటికి కనిపిస్తోంది. అక్టోబరులో తను పెట్టిన టిక్కు. ఇక్కడ ఏమీ లేదు, బాగుంది అని. లేని పగులుకి అతను పలక వేశాడు.

సుత్తి పొట్ట మీద పెట్టుకుంది. బయటినుంచి నారింజ వాసన వస్తోంది. తర్వాత ఫోనుతో నాలుగు ఫొటోలు తీసింది. పక్క ట్రెయిలర్ గార్త్‌కి చూపించాలనుకుంది. గార్త్ ఐదహో మనిషి, శిబిరాల వెంట వెల్డింగ్ మెషిన్ వేసుకుని తిరుగుతాడు, పనంతా లవాన్ దగ్గరే నేర్చుకున్నాడు.

బయటికి రాగానే లవాన్ చెయ్యి చాపాడు. "ఏం దొరికింది? చూపించు."

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఫ్లాష్ వేసి ఫొటోలెందుకు తీశావు? ఇటివ్వు."

ఇచ్చింది. అతను చేతులు ప్యాంటుకి తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, బొమ్మని వేళ్లతో పెద్దది చేశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవడు చేశాడిది?"

నెడ్రా చొక్కాకి అంటిన మట్టి దులుపుకుంది.

"చెయ్యి మంచిదే. ఎక్కడా వణుకు లేదు చూడు. బుర్ర ఎక్కడ పెట్టుకున్నాడో! అడ్డంగా కుట్టి చచ్చాడు. రెండు వందల మైళ్లు కూడా పోదు. ఎవరి బండి?"

"ఇక్కడిదే. ఒకాయనది."

"పెళ్లాం ఉందా?"

"ఉంది."

"ఆవిడకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పు మరి! ఘాట్ రోడ్డు దిగేటప్పుడు విరిగితే ఇద్దరూ పోతారు. ఇంకో సంగతి, ఆ చేసినవాడి చేతిలోంచి మెషిన్ తీసేయమను. తిట్టొద్దని చెప్పు. నలుగురి ముందూ అనొద్దని చెప్పు. నేనెప్పుడూ అనలేదు. పక్కకి తీసుకెళ్లి, ఇవాళ్టికి చాలురా, ఇంటికి పద అనేవాణ్ణి."

"వినకపోతే?"

"వింటాడు. లోపల వాడికీ తెలిసే ఉంటుంది."

ఫోను తిరిగిచ్చి, మిగిలిన నారింజ తొనలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తింది. మధ్యాహ్నం సరస్సు ఆఫీసరుకి రెండు వాక్యాలు రాసి పంపింది. అతను మంచి జవాబు ఇచ్చాడు. వేరే జంటని చూసుకుంటామన్నాడు.

గురువారం లవాన్ భోంచేసి, వినికిడి యంత్రం తీసి పక్కన పెట్టి నిద్రపోయాక గార్త్ మెషిన్ తెచ్చాడు. కిందకి దూరి, ఆ అతుకు మీద వేలు జరిపాడు.

"అక్కా, మేస్త్రి చేతి పని నన్ను చెరిపేయమంటావా?"

"చెరుపు. లైటు నేను పట్టుకుంటా."

"నా వల్ల కాదక్కా."

"నా వల్ల అవుతుందా? కానీయ్, ఆయన లేస్తాడు."

గార్త్ చెరిపాడు. పగులు ఇంకా పాకకుండా దాని చివర చిన్న రంధ్రం వేశాడు. పగులు కుట్టి, మొనదేరిన పొడుగాటి పలకని దూలం వెంట పెట్టాడు. రెండో చోట పలక తీసేసి నున్నగా చేసి వదిలేశాడు. నెడ్రా తట్టి చూసింది. శబ్దం నిండుగా వచ్చింది.

"ఇప్పుడు అలాస్కా దాకా పోతుంది అక్కా."

"అర మైలు పోతే చాలు. నువ్వే లాగాలి."

ఊరి చివర, రేకుల పందిరి కింద, కరెంటూ నీళ్లూ ఉన్న జాగా ఒకటి నెడ్రా అద్దెకి మాట్లాడి ఉంచింది. ఏడాది పొడుగునా ఉండేవాళ్ల జాగా అది. అక్కడినుంచి ఆసుపత్రికి నడిచి వెళ్లొచ్చు. లవాన్ వెల్డింగ్ మెషిన్ని గార్త్ తన బండిలో పెట్టుకుని, కిందకి చూస్తూ వెళ్లిపోయాడు.

మిగిలింది లవాన్‌కి చెప్పడం. పక్కకి తీసుకెళ్లి మెల్లగా ఎలా అనాలో రెండు రోజులు లోపల అనుకుంటూనే ఉంది. శనివారం ఉదయం అతను బూట్లు వేసుకుని, టోపీ పెట్టుకుని, ట్రక్కు తాళాల కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆమె నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇవాళ గార్త్ నడుపుతాడట. నీ దగ్గర నేర్చుకుంటాడట."

"వాడా? వాడికి అద్దాలు చూడటమే రాదు!" అన్నాడు సంబరంగా. "పక్కన కూర్చుని చెబుతాలే. రమ్మను."

నెడ్రా వెనక సీట్లో కూర్చుంది. దారి పొడుగునా లవాన్ నోరు ఊరుకోలేదు.

"మెల్లగా రా నాయనా, వెనక మా ఇల్లుంది. మలుపు వెడల్పుగా తీసుకో. ఇంకా వెడల్పుగా. అదీ."

"సరే మేస్త్రీ," అన్నాడు గార్త్.

"తొంభై అయిదో నంబరు రోడ్డెక్కితే ఇక నేరుగా ఉత్తరానికే."

గార్త్ ఆ రోడ్డు ఎక్కకుండా కుడికి తిప్పి, రేకుల పందిరి కిందికి తీసుకొచ్చి ఆపాడు.

"అప్పుడే ఆపావేం? డీజిల్ అయిపోయిందా?"

గార్త్ అద్దంలో నెడ్రా వైపు చూశాడు.

"నేనే ఆపమన్నాను," అంది ఆమె.

"ఎందుకే?"

"కాసేపు ఉందాం."

"ఉందాంలే. తొందరేముంది," అన్నాడు లవాన్. "సరస్సు ఎక్కడికీ పారిపోదు."

నెడ్రా దిగి నాలుగు చక్రాలకీ చెక్క దిమ్మలు పెట్టింది. ట్రక్కు నుంచి ట్రెయిలర్ని గార్త్ విడదీసి, కరెంటు తీగ తగిలించాడు. పదకొండయింది. ట్రక్కులో ఎండ పడుతోంది. లవాన్ ఇంకా సీటు బెల్టు తీయలేదు.