డబ్బా మీద నాలుగొందలు, రూతక్క కెమెరాలో రెండొందలు

నిన్న పొద్దున్న ప్రకాశం అన్నయ్య ఫోన్. "చెల్లెమ్మా, అక్క లేవట్లేదే" అన్నాడు. ఆ తర్వాత ఏడుపే.

నేను "మొహాన నీళ్ళు చల్లి చూడు అన్నయ్యా" అన్నాను. ఎంత పిచ్చిదాన్నో.

మా రూతక్క ఇక లేదు.

మా పెద్దమ్మ కూతురు, ప్రకాశం అన్నయ్యకి అక్క. అమలాపురంలో పిల్లలకి సైన్స్ చెప్పిన టీచరు. మా చర్చిలో సగం మందికి ఉన్న ఒకే ఒక్క మంచి ఫోటో తీసిన మనిషి. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు.

అక్క ఇప్పటికీ బ్లాక్ అండ్ వైట్ రీలే వాడేదని మీలో చాలామందికి తెలుసు. చేతిలో ఫోనుండగా ఈ అవస్థ ఎందుకక్కా అని అందరం ఏడిపించేవాళ్ళం.

ఎందుకో నాకు ఒకసారి చెప్పింది.

మా ఇళ్ళల్లో పాత ఫోటోలు చూడండి. తెల్లచీరలు, తెల్లచొక్కాలు బ్రహ్మాండంగా ఉంటాయి. మొహాలుండవు. కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనిపించదు. లేదంటే స్టూడియోవాళ్ళు దిద్ది దిద్ది పిండిబొమ్మల్ని చేసేవారు. అక్క స్కూల్ గ్రూప్ ఫోటోలో అక్క ఎక్కడుందో మా పెద్దమ్మే పోల్చుకోలేకపోయిందట.

కన్నతల్లి పోల్చుకోలేకపోయింది. అది అక్క ఎప్పటికీ మర్చిపోలేదు.

అందుకే రీలు డబ్బా మీద వెలుగు పట్టే స్పీడు నాలుగొందలని ఉంటే, అక్క కెమెరాలో రెండొందలు పెట్టేది. అంటే రీలుకి రెట్టింపు వెలుగు. అప్పుడు నల్లటి మొహంలో చిన్న గీత కూడా వస్తుంది.

"డబ్బా మీద రాసినాయన మన ఎండ చూసేడా, మన మొహాలు చూసేడా?" అనేది.

కానీ అంత వెలుగిస్తే తెల్లచీర మాడిపోతుంది. ఆ చీరని కాపాడటానికి రీలు కడిగేటప్పుడు డెవలపర్ మందు పల్చగా కలిపి, బాగా చల్లబరిచి, మెల్లగా ఊపి, త్వరగా ఆపేసేది. వెలుగు మొహానికి, ఓపిక చీరకి. అక్క లెక్క అంతే.

మన పంపు నీళ్ళు చల్లగా ఎక్కడేడుస్తాయి? ప్రకాశం అన్నయ్య కాట్రేనికోన నుంచి రొయ్యల ఐసు థర్మోకోల్ పెట్టెలో తెచ్చేవాడు. డెవలపర్ సీసా అందులో కూర్చునేది. మా ఫోటోలన్నీ రొయ్యల కంపులోనే పుట్టాయి.

ఒక మట్టల ఆదివారం ఐసు రాలేదు. అక్క ఆగలేక పంపు నీళ్ళతోనే కడిగేసింది. ఆ వేడికి డెవలపర్ రెచ్చిపోయింది. ఆడవాళ్ళ చీరలన్నీ ఉత్త తెల్లటి మచ్చలు. అంచు లేదు, మడత లేదు.

అక్క బాత్రూమ్ గడప మీద కూర్చుని ఏడ్చింది. లేచి ఇంటింటికీ వెళ్ళి "మళ్ళీ కట్టుకుని రండమ్మా" అని బతిమాలింది.

వచ్చారండీ! సోమవారం నాడు తెల్లచీరలు కట్టుకుని, కొబ్బరి మట్టలు పట్టుకుని, మళ్ళీ ఊరేగింపు చేశారు. దారిన పోయే ఆయనెవరో ఆగి "ఇవాళేం పండగండీ?" అంటే, ముందు నడుస్తున్న మార్తమ్మగారు "మా రూతమ్మ పండగండీ, ఆయ్" అన్నారు.

అలాంటి మనిషి ఫ్లెక్సీ నిన్న మధ్యాహ్నం సెంటర్లో కట్టారు.

వెళ్ళి చూశాను. తెల్లగా, నున్నగా, పెదాలు గులాబీరంగు. ఎవరో ఆవిడ. అక్క జీవితమంతా దేనితో దెబ్బలాడిందో దాన్నే తెచ్చి, పోయాక మొహానికి పులిమారు.

ఫ్లెక్సీ షాపుకెళ్ళి అరిచాను. పాపం ఆయన బిత్తరపోయాడు. "ఫోన్లో వచ్చిన ఫోటోకి కొంచెం కలర్ పెంచేనండీ. అందరూ అదే అడుగుతారండీ" అన్నాడు. ఆయన తప్పేముంది? అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

అందరినీ తీసిన అక్కకి మంచి ఫోటో ఒక్కటీ లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే కదా.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి బయట అక్కని నేనే తీశాను. అక్క కెమెరాతోనే. ఆ రీలు ఇంకా అందులోనే ఉంది. స్పీడు రెండొందల దగ్గరే ఉంది.

అన్నయ్య హైదరాబాద్ ల్యాబుకి పంపుదామన్నాడు. ఇవాళ సాయంత్రమే సమాధి. ఎప్పుడు పంపుతాం, ఎప్పుడొస్తుంది? పైగా వాళ్ళు డబ్బా మీద ఉన్నట్టు నాలుగొందలకే కడిగితే చీర పోతుంది. నా చెయ్యి తప్పితే అక్కే పోతుంది. నేనెప్పుడూ ఒంటరిగా కడగలేదు.

పొద్దున్నే అన్నయ్య ఐసు తెచ్చాడు. ఆ పెట్టె చూసి ఇద్దరం మళ్ళీ ఏడ్చాం.

అక్క బాత్రూమ్‌లో, అక్క చెప్పినట్టే కలిపాను. చల్లబరిచాను. "మజ్జిగ చిలుకుతున్నావా? ఉయ్యాల ఊపినట్టు ఊపు" అనేది. అలాగే ఊపాను. రీలు కడిగే డబ్బా మూత తీసే ముందు మాత్రం ప్రార్థన చేసుకున్నాను.

వచ్చింది.

ఆరాక నెగటివ్‌ని అన్నయ్య ఫోన్ వెలుగు మీద పెట్టి, నా ఫోన్‌తో తీసి, నలుపూ తెలుపూ తిప్పి చూశాను. చీర మడతలున్నాయి. నుదుటి మీద గీతలు, బుగ్గ మీద పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి. నోరు మాత్రం సగం తెరుచుకుని ఉంది.

ఎందుకో నాకు తెలుసు. నేను నొక్కే క్షణంలో కూడా చెబుతూనే ఉంది: "చీర కాదే, నా మొహం చూసి వెలుగు పెట్టు!"

ఫ్లెక్సీ షాపాయన దాన్ని ఏమీ దిద్దకుండా పెద్దది చేసి, తనే చర్చికి తెచ్చి అక్క సమాధి పెట్టె పక్కన నిలబెట్టాడు.

పెద్దమ్మకి చూపు సరిగ్గా ఆనదు. దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. వేలితో ఆ బుగ్గ తడిమింది.

"నిన్న సెంటర్లో ఎవర్నో కట్టేరు" అంది. "ఇదీ నా రూతు."

మొహం వచ్చిందక్కా. చీర కూడా నిలిచింది. పెద్దమ్మ పోల్చుకుంది. అది చూడటానికి నువ్వు లేవు, నా ఏడుపల్లా అదే.

వెళ్ళిరా అక్కా. ప్రభువు ఒడిలో చల్లగా నిద్రపో.