బొమ్మ పడని కంప్యూటర్

మొన్న మా మరిది సూరత్ పక్కనే ఉన్న కడోదరా నుంచి ఫోన్ చేసి, ఇంట్లోకి కంప్యూటర్ కొనాలనుకుంటున్నానని, ఆటలకూ వీడియోల పనికీ రెండింటికీ పనికొచ్చే చవక ప్రాసెసర్ ఏదో చెప్పమని ఎంతో మర్యాదగా అడిగాడు. షాపువాణ్ణి అడగమని ఫోన్ పెట్టేశాను. ఈ మర్యాదను కరోనా రోజుల్లో ఏ అటక మీద దాచిపెట్టాడో తెలియదు గానీ, పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా అలాగే కూర్చుండిపోయాను.

నా ఈడువాళ్ళకు ఆ రోజులు ఇంకా గుర్తుండే ఉంటాయి. డిగ్రీ చదివి, పెళ్ళయి సూరత్ వచ్చి, నవాగామ్‌లో ఒక గదిన్నర ఇంట్లో కూర్చుని ఏళ్ళ తరబడి చీరలకు రాళ్ళు అంటించినదాన్ని నేను. మా ఆయన దగ్గర్లోని జోల్వాలో ఒక మిల్లులో మగ్గాల మాస్టరు. మార్కెట్ మూతపడి, చీరలను వీడియోలు తీసి ఫోన్లలో అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు, నాకు రాళ్ళ పనిచ్చే సేఠ్ ఆ వీడియోలను కత్తిరించి, అతికించి, పాట పెట్టి ఇచ్చే మనిషి కోసం వెతికాడు. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది, నేర్చుకునే బుర్ర ఉంది, నేనిస్తానన్నాను. చదువు అయిపోయిన ఇన్నాళ్ళకు నా తలతో చేసే పని ఒకటి దొరికిందన్న గర్వం నాకు లేదంటే అబద్ధమే.

కానీ ఆ కంప్యూటర్ ముసలిది. ఒక్క వీడియో తయారయ్యేలోగా వంటా, అంట్లూ, బట్టలూ అన్నీ అయిపోయేవి. పండుగ సీజన్‌కు మరో రెండు దుకాణాల పని కూడా ఇప్పిస్తాను, రోజు వీడియోలు ఆ రోజే ఇవ్వగలవా అని సేఠ్ అడిగితే, సోమవారం నుంచి ఇస్తానని మాటిచ్చాను. ప్రాసెసర్, దాంతోపాటు బోర్డూ మార్చాలని తేలింది.

మా చేతిలో ఉన్నదానికి రెండు రకాలు వస్తున్నాయి. ఒకటి కాస్త నిదానం, కానీ తెర మీద బొమ్మ చూపించే ఏర్పాటు దానిలోనే ఉంది. రెండోది చురుకైనది, కాకపోతే బొమ్మ పడాలంటే వేరే గ్రాఫిక్స్ కార్డు కొనాలి. ఆ రోజుల్లో ఆ కార్డులు మొదట్లో శానిటైజర్ సీసాలు మాయమైనట్టు మాయమై, దొరికినా ముట్టుకోలేని ధర పలుకుతున్నాయి. నాకు మొదటిదే చాలు. కానీ మిల్లు మూతపడి మా ఇంట్లోనే ఉంటున్న మరిదికి ఆటల పిచ్చి.

"గిది తీస్కో వదినా, ఆటలు మస్తు ఉరుకుతయ్, నీ వీడియోలు గూడ సగం టైంల అయిపోతయ్. కార్డు నా దోస్తు ఇస్తనన్నడు."

మా ఆయన దాన్ని మగ్గం బేరంలా చూశాడు. "స్పీడున్నదే తేవాలెనే. బట్ట ఎక్కువ దిగుతది."

"దిగితే సరిపాయెనా? దిగిన బట్ట కండ్లకు కనబడొద్దా?" అన్నాను.

"నీతోని వాదిస్తే తెల్లారుతది," అని అన్నదమ్ములిద్దరూ మాస్కులు తగిలించుకుని వెళ్ళారు. పాతవి మార్పిడిలో ఇచ్చేసి, చురుకైనదే తెచ్చారు. డబ్బు మాత్రం నా రాళ్ళ పనిది.

ఆ దోస్తు తన కార్డును ఎవరో ఎక్కువిస్తామంటే అమ్ముకున్నాడు. పెట్టెలో ఫ్యాన్లు గిరగిరా తిరిగేవి, దీపాలు వెలిగేవి, తెర మాత్రం నల్లగా ఉండేది. విప్పిన సరుకు వాపసు తీసుకునేది లేదన్నారు షాపువాళ్ళు. సోమవారం వచ్చింది, వెళ్ళింది. నేను ఇంకో వారం గడువు అడిగితే, "ధంధా రుక్తా నహీ, బెన్," అన్నాడు సేఠ్. వ్యాపారం నా కోసం ఆగదట. పని ఇంకెవరికో ఇచ్చాడు. "కరోనాల ఎవరికి నష్టం కాలే వదినా?" అని మరిది నన్నే ఓదార్చాడు. నా నష్టానికి కరోనా కారణం కాదురా అంటే, వదినకు నోరెక్కువని ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాడు. నేను మళ్ళీ జిగురు డబ్బా ముందేసుకుని కూర్చున్నాను.

ఇప్పుడు కార్డులు ఎక్కడపడితే అక్కడ దొరుకుతున్నాయి. అసలు వాటి అవసరమే లేకుండా మా వీధి ఆడపిల్లలు ఫోన్‌లోనే, బస్సులో కూర్చునే, ఆ పనంతా చేసేస్తున్నారు. దానికిప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి మొహం చూడనక్కర్లేదు. వాళ్ళను చూస్తే నాకు సంతోషమే, అసూయ కూడా. సేఠ్ తన వీడియోల గ్రూపులోంచి నన్ను ఇంకా తీసెయ్యలేదు, బహుశా నేనున్నానన్న సంగతే మరిచిపోయి ఉంటాడు. రోజూ పొద్దున్నే చీరలు వస్తాయి. కొంగు పూర్తిగా పరవకముందే బొమ్మ మారిపోతుంది. అక్కడ ఇంకొక్క క్షణం ఉంచాలని నాకు తెలుసు.